ఖాళీ ముక్క

మా ఎదురు వాటా అమ్మాయిని ఆఫీసులో అందరూ కత్తెర అనేవారు. వెక్కిరించి పెట్టిన పేరు కాదు, ఆమె చేసే పనే అలాంటిది. రక్తపరీక్షల యంత్రం ఒక రోగి ఫలితాలన్నిటినీ ఒకే పొడుగాటి వరుసగా కంప్యూటర్‌కి పంపిస్తుందట. అంకెకూ అంకెకూ మధ్య ఒక నిలువుగీత ఉంటుంది. గీత ఉన్నచోటల్లా ఆ వరుసను తెగ్గొట్టి, ప్రతి ముక్కనూ దాని గడిలో వెయ్యాలి. షుగరు షుగరు గడిలో, యూరియా యూరియా గడిలో, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ దాని గడిలో. ఆ తెగ్గొట్టే ప్రోగ్రాం రాయడం ఆమె పని.

నేను బట్టలు కుట్టి బతుకుతాను. కత్తెర సంగతి నాకూ కొంత తెలుసు కాబట్టి ఒకసారి అడిగాను. "గీత కనపడ్డచోట కొయ్యడమేగా, దానికి అంత చదువెందుకమ్మా?"

"కొయ్యడం ఎవరైనా కోస్తారు ఆంటీ. గీతకీ గీతకీ మధ్య ఏమీ లేకపోతే ఏం చేస్తావన్నదే అసలు పని" అంది.

ఒక్కోసారి డాక్టరు ఒక పరీక్ష అడగడు. ఒక్కోసారి ఆ పరీక్షకు కావలసిన మందు లాబ్‌లో అయిపోతుంది. అప్పుడు యంత్రం ఆ చోటు వదిలేసి రెండు గీతలు పక్కపక్కనే పెడుతుంది. ఆ రెంటి మధ్యనున్న ఖాళీ కూడా ఒక ముక్కే, దాని గడిలో దాన్ని ఖాళీగానే కూర్చోబెట్టాలి. పనికిరాదని పారేశామా, వెనకున్నవన్నీ ఒక్కో గడి ముందుకు జరుగుతాయి. సినిమా హాల్లో ఒక సీటు ఖాళీగా ఉందని ఆ వరుసలో వాళ్ళంతా ఒక్కో సీటు జరిగితే ప్రతివాడూ పక్కవాడి టికెట్టు మీద కూర్చున్నట్టే.

ఆమె పై అధికారిని వాళ్ళంతా నిమిషం సారు అనేవారు. ఏ పని చెప్పినా "నిమిషం పని కదమ్మా" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు మాత్రం గంటలకొద్దీ మాట్లాడేవాడు. ఒక ఆసుపత్రి వాళ్ళకు చూపించే ముందు కత్తెర రాసిన భాగాన్ని తీసేసి, తనే పొట్టిగా ఒకటి రాసి పెట్టాడు. అందులో ఖాళీ ముక్కలన్నిటినీ ఏరి పారేశాడు.

"ఖాళీలు తీసెయ్యకండి సార్. ఒక్కటి పోయినా వెనకవన్నీ తప్పు గడుల్లో పడతాయి" అని ఆమె చెప్పింది.

"చెత్త ఊడిస్తే ఇల్లు శుభ్రంగా ఉంటుందమ్మా. లాబుల్లో అన్ని పరీక్షలూ కట్టగట్టి చేస్తారు. ఖాళీ ఎక్కడొస్తుంది?" అని నవ్వి కొట్టిపారేశాడు.

ఆమె ఇంటికొచ్చి ఆ మాట పిన్నితో చెప్పింది. ఈ కథంతా ఆ పిన్నిదే కాబట్టి ఆవిడ గురించి కాస్త చెప్పాలి.

అమ్మాయి పసితనంలోనే తల్లి పోతే పిన్ని చంకనెత్తుకుంది, మళ్ళీ దించలేదు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "నాకొక కాపురం ఉంది, దానికే జీతం చాలట్లేదు" అనేది. రైల్వే స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగం ఆవిడది. బండి ఆలస్యమని చెప్పినా ఇంకోసారి వినాలనిపించే గొంతు. ఇంట్లోనూ అదే వరస. అమ్మాయి రావడం కాస్త ఆలస్యమైతే మెట్ల దగ్గర నిలబడి, "ఆఫీసు నుండి ఇంటికి రావలసిన పిల్ల అరగంట ఆలస్యంగా నడుస్తున్నది. అన్నం చల్లారినందుకు చింతిస్తున్నాము" అనేది. కింది అంతస్తు వాళ్ళు కూడా నవ్వుకునేవారు.

ఒక వానాకాలం పిన్నికి చలిజ్వరం పట్టుకుంది. నడుములో పోట్లు. ఆసుపత్రిలో చేర్చారు, రక్తం తీశారు, రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ అని రాసి ఉన్న గడిలో చక్కటి అంకె ఉంది. కిడ్నీలు బాగానే పనిచేస్తున్నాయని డాక్టరు ధైర్యంగా గట్టి ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. జ్వరం దిగింది. కానీ చెవుల్లో హోరు మొదలైంది.

"చెవిలో బండి కూత వేస్తోందే. ప్లాట్‌ఫారం మాత్రం దొరకట్లేదు దానికి" అని నవ్వింది పిన్ని.

ఒక పొద్దున్న నర్సు వచ్చి ఏదో అడుగుతుంటే పిన్ని విసుక్కుంది. "గుసగుసలెందుకమ్మా, నోరు విప్పి చెప్పు." నర్సు నోరు విప్పే చెబుతోంది. కత్తెర మంచం పక్క నుంచి లేచి "పిన్నీ" అని అరిచింది. పిన్ని కిటికీ వైపు చూస్తూనే ఉంది.

కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యనివాళ్ళకు ఆ మందు అంత మోతాదులో ఇస్తే చెవుల నరాలు పోతాయట. పోతే మళ్ళీ రావు. మరి కిడ్నీలు బాగున్నాయని కాగితం చెప్పిందిగా?

ఆ కాగితాన్ని కత్తెర అప్పుడు తన కళ్ళతో చదివింది. యూరియా గడిలో అంకె మరీ చిన్నగా ఉంది. తక్కువగా ఉంటే ఎవరూ కంగారుపడరు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అన్నిటికన్నా కింది గడి ఖాళీ. ఆ కాగితం తమ ఆఫీసు ప్రోగ్రాం నుంచి వచ్చిందేనని ఆమెకు చూడగానే తెలిసింది. లాబ్‌కి పరుగెత్తింది.

"ఆ రోజు యూరియా చేశారా?"

"లేదండీ, మందు అయిపోయింది. మర్నాడు వచ్చింది" అన్నాడు అక్కడి టెక్నీషియన్.

చెయ్యని యూరియా గడిలో అంకె ఎక్కడిది? అది క్రియాటినిన్‌ది, యూరియాకు మరీ తక్కువైన ఆ అంకె క్రియాటినిన్‌కు చాలా ఎక్కువ. క్రియాటినిన్ గడిలో ఉన్న చక్కటి అంకె, కామెర్లు చూసే పరీక్షది. రెండు గీతల మధ్య ఖాళీని పారేస్తే అన్నీ ఒక్కో గడి జరిగాయి.

ఆ రోజే ఆఫీసుకు వెళ్ళింది. "మీరు పారేసిన ఖాళీ ముక్క మా పిన్ని చెవులు తీసుకుపోయింది సార్" అంది.

నిమిషం సారు తలుపు వేసి, ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అంతా విన్నాడు. "ఆవేశపడకమ్మా. నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకున్నాడు కూడా. మధ్యాహ్నం డైరెక్టరు పిలిపిస్తే వెళ్ళేసరికి సారు ముందే అక్కడ కూర్చుని ఉన్నాడు.

"ఈ అమ్మాయి రాసిన భాగమేనండీ. ఖాళీలు తియ్యొద్దు, వెనకవన్నీ తప్పు గడుల్లో పడతాయని నేను ముందే చెప్పాను. వినలేదు" అన్నాడు.

ఆమె హెచ్చరికను మాట పొల్లుపోకుండా తనదిగా అప్పజెప్పాడు. ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ మండింది అదే. అబద్ధం ఎవడైనా ఆడతాడు, ఎదుటివాళ్ళ నిజాన్ని దొంగిలించి అబద్ధం ఆడటానికి ఇంకో రకం గుండె కావాలి. ఉద్యోగం పోయింది. ఆసుపత్రికి క్షమాపణ ఆమె పేరుతోనే వెళ్ళింది. ఆ తర్వాత ఎక్కడ పని అడిగినా, "ఓ, ఆ కేసు మీదేనా" అనేవారు.

పిన్ని ఉద్యోగం కూడా పోయింది. వినపడని మనిషికి మైకు ఎవరిస్తారు? టీవీలో వార్తలు చదివేవాళ్ళ పెదాలు చూస్తూ, మా ఇంట్లో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను చెప్పిందల్లా తిరిగి చెబుతూ, పెదాల మాట చదవడం నేర్చుకుంది. కొన్నాళ్ళకు వీధి అవతల నిలబడి మాట్లాడుకునేవాళ్ళ గుట్టు కూడా మాకు చెప్పేది. కానీ తన గొంతు తనకు వినపడక ఎగుడుదిగుడైపోయింది. ఒక మాట అరుపులా, ఇంకోటి గొణుగులా వచ్చేది. అది తెలిసి బయటివాళ్ళ ముందు నోరు విప్పడం మానేసింది.

ఆ ఇంట్లో నవ్వు కొంత తిరిగొచ్చింది గానీ కడుపుమంట చల్లారలేదు. నేనూ ఊరుకోక ఒకసారి అన్నాను. "పోనీలే వదినా, వాడి పాపాన వాడే పోతాడు."

"వాడి పాపాన వాడు పోతే నాకేంటి లాభం? వాడు నా ముందుకొచ్చి నిలబడాలి. వాడి నోటితో వాడు చెప్పాలి, నేను వినాలి" అంది పిన్ని.

"ఎలా వింటావు పిన్నీ?" అంది అమ్మాయి.

"అదే వాడి ఖర్మ" అంది పిన్ని.

చాలా తిప్పలు పడ్డాక కత్తెరకు వేరే ఆసుపత్రి లాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే పని దొరికింది. ఆ లాబ్‌కి పెద్దయిన డాక్టరమ్మ మనుషుల గతం గురించి కాక పని గురించి అడిగే రకం. ఏళ్ళు గడిచాయి. పాత సాఫ్ట్‌వేర్ మార్చి కొత్తది కొనాలని ఆసుపత్రివాళ్ళు అనుకున్నారు. చూపించడానికి వచ్చినవాళ్ళలో నిమిషం సారు కూడా ఉన్నాడు. ఇప్పుడు సొంత కంపెనీ, వెనక ఇద్దరు మనుషులు, చేతిలో మెరిసే సంచీ.

ఆమెను చూసి ఒక్క క్షణం ఆగి, "ఎక్కడో చూశానమ్మా నిన్ను" అన్నాడు.

"చాలామంది అంటారు సార్" అంది కత్తెర.

ఆమెకు ఒక సంగతి తెలుసు. అతను ఆ ప్రోగ్రాంనే మోసుకు తిరుగుతుంటాడు. దాన్ని దిద్దాలంటే ముందు అది తన తప్పని తనతోనైనా ఒప్పుకోవాలి. తప్పు ఎదుటివాళ్ళదని అన్నిసార్లు చెప్పి చెప్పి తనే నమ్మేసినవాడు ఇంక దేన్ని దిద్దుతాడు? డాక్టరమ్మతో ముందే ఒక మాట చెబితే సరిపోయేది. ఆమె చెప్పలేదు. పాము ఇన్నాళ్ళకు కలుగులోంచి బయటికొస్తే కర్ర పక్కింటివాడి చేతికి ఎందుకివ్వాలి?

"నిజమైన రక్తంతో చూపించండి" అని డాక్టరమ్మ అడిగింది.

"నాదే తీసుకోండి మేడం" అని సారు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు.

కత్తెర టెక్నీషియన్ దగ్గరకు వెళ్ళి మెల్లగా చెప్పింది. "యూరియా వద్దు. మిగతావన్నీ చెయ్యి."

కాసేపటికి గోడ మీద తెర వెలిగింది. అన్నిటికన్నా కిందిది తప్ప గడులన్నీ ఆకుపచ్చగా నిండాయి. సారు ఒక్కోటీ చదివి వినిపించాడు. "చూడండి మేడం, క్రియాటినిన్ ఎంత బాగుందో. యూరియా ఇంకా తక్కువ. నా వయసులో ఉక్కుపిండం అంటే నేనే!"

కత్తెర యూరియా గడిలోని అంకెను చూసింది. అంకెలు ఒక గడి జరుగుతాయని ఆమెకు తెలుసు, అందుకోసమే కాచుకుంది. కానీ ఆ గడిలోకి వచ్చి కూర్చున్నది అతని క్రియాటినిన్. అది పిన్ని అంకెకు దగ్గరగా ఉంది. అతని కిడ్నీలు చెడిపోతున్నాయి. తన ప్రోగ్రాం చదివి, ఉక్కుపిండాన్నని నవ్వుతున్నాడు.

నోరు మూసుకుంటే చాలని ఒక్క క్షణం అనిపించిందని తర్వాత నాతో చెప్పింది. వాడి కత్తితో వాడే కోసుకుంటాడు, తన చేతికి రక్తం అంటదు. కానీ అలా పోతే ఎందుకు పోతున్నాడో వాడికి తెలియదుగా! అది ఆమెకు సరిపోలేదు.

"సార్, మీకు యూరియా పరీక్ష చెయ్యనేలేదు. ఆ గడిలో అంకె ఎక్కడిది?" అంది.

డాక్టరమ్మ టెక్నీషియన్ వైపు చూస్తే అతను అవునని తలూపాడు. సారు మొహంలో రంగులు మారాయి. ఆ అంకె ఏ గడి నుంచి జరిగి వచ్చిందో అక్కడ ఇద్దరికి తెలుసు, ఆమెకూ సారుకూ. ప్రోగ్రాం తప్పని ఒప్పుకుంటే తను జబ్బుమనిషి. ఒప్పని మొండికేస్తే ఆరోగ్యవంతుడు, బేరం కూడా బతుకుతుంది.

"ప్రోగ్రాం కరెక్టేనండీ. మీ యంత్రమే ఏదో..." అన్నాడు.

"మా యంత్రం చెయ్యని పరీక్షకు అంకెలివ్వదు. ఇంక చాలు" అని డాక్టరమ్మ లేచింది. వెళ్తూ వెళ్తూ కత్తెరతో, "ఆయన అసలు ఫలితం ఆయనకిచ్చి పంపించు" అంది.

సాయంత్రం అతను ఒంటరిగా తిరిగి వచ్చాడు. కత్తెర ఎవరో అప్పటికి బాగానే గుర్తొచ్చింది.

"అమ్మా, ఆ రిపోర్టు ఇవ్వు. ఇంకో మాట. డాక్టరమ్మ మిగతా ఆసుపత్రులకు ఫోన్లు చేస్తానంటోంది. వైరు లూజైందని నువ్వొక్క మాట చెబితే నేను లోపల దిద్దేసుకుంటా. నా దగ్గర మంచి ఉద్యోగం ఇస్తా. నిమిషం పని."

"మా పిన్ని ఒప్పుకోవాలి సార్. రేపు ఆదివారం, ఇంటికి రండి. రిపోర్టు కూడా అక్కడే ఇస్తాను" అంది.

ఒక రోగి కాగితాన్ని ఒక పూటైనా దాచుకోవడం తప్పే. ఆమెకు తెలియక కాదు, తెలిసే దాచింది.

ఆదివారం పొద్దున్న పిన్ని తల దువ్వుకుని, స్టేషన్ ఉద్యోగంలో వేసుకున్న నీలం కోటు తొడుక్కుని, తలుపు బార్లా తెరిపించి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను మా గుమ్మంలో మిషన్ ముందు ఉన్నాను. కుడుతున్నానని చెప్పను.

అతను వచ్చి, తల వంచుకుని, "జరిగిందానికి బాధగా ఉందండీ" అన్నాడు.

పెదాల కదలికను వీధి అవతలి నుంచి చదవగలిగే పిన్ని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "వినపడలేదు బాబూ."

"బాధగా ఉందన్నాను!"

"దేనికి?"

"ఆ... ప్రోగ్రాంలో పొరపాటు జరిగింది."

"వినపడలేదు. తలెత్తి చెప్పు. ఎవరు చేశారు?"

"నేను."

"ఎవరూ?"

"నేను! నేనే!"

పై అంతస్తు తలుపు తెరుచుకుంది. కిందివాళ్ళు మెట్ల దాకా వచ్చారు. అతను లోపలికి జరగబోతే పిన్ని చేత్తో ఆపింది. "అక్కడే నిలబడు, వెలుతురుంటేనే నాకు మాట తెలుస్తుంది. ఏం చేశావు?"

చెమట తుడుచుకుంటూ అరిచాడు. "ఖాళీ ముక్కలు నేనే తీసేశాను! ఈ అమ్మాయి వద్దంది! తప్పు ఈమెదేనని అబద్ధం చెప్పాను!"

"చివరి మాట సరిగ్గా తెలియలేదు."

"అబద్ధం చెప్పాను!"

"ఇంకోసారి."

అలా ఎన్నిసార్లు చెప్పించిందో నేను లెక్కపెట్టలేదు. అతని గొంతు బొంగురుపోయేదాకా చెప్పించింది. ఆ తర్వాత కుర్చీలోంచి లేచి, మెట్ల అంచున నిలబడి, బయటివాళ్ళ ముందు ఎన్నో ఏళ్ళుగా విప్పని నోరు విప్పింది. ఆ గొంతులో పాత తీపి లేదు. ఎక్కడో కీచుగా, ఎక్కడో ఉరుములా వచ్చింది. "అందరికీ మనవి. నా చెవులు తీసినవాడు వచ్చి నిలబడి ఉన్నాడు. బండి బాగా ఆలస్యమైంది. అయినా వచ్చింది."

ఎవరూ నవ్వలేదు.

కత్తెర రిపోర్టు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను దాని వంక చూడకుండా, "మరి డాక్టరమ్మతో...?" అన్నాడు. అంత జరిగాక కూడా!

"నిన్నే చెప్పేశాను సార్, మీరు లాబ్ గడప దాటకముందే. వైరు గురించి కాదు, మీ గురించి. ఫోన్లు కూడా వెళ్ళిపోయాయి" అంది కత్తెర.

అతను మెట్లు దిగుతుంటే ఒక్కరు కూడా పక్కకు జరగలేదు. ఒదిగి ఒదిగి దిగాడు.

ఆ తర్వాత ఆసుపత్రులు ఒక్కొక్కటే అతని సరుకు ఆపేశాయి. వెనకున్న ఇద్దరు మనుషులూ వేరే చోటికి వెళ్ళిపోయారు. అతని పాత డైరెక్టరు కత్తెరకు ఫోన్ చేసి, మళ్ళీ ఉద్యోగానికి రమ్మన్నాడు. ఆమె మొత్తం విని, "వినపడలేదండీ" అని పెట్టేసింది. అంతా బాగానే ఉంది గానీ పిన్నికి గొంతులో ముల్లులా ఒకటి మిగిలిపోయింది. అతని జబ్బు సమయానికి దొరికిందని, మందులతో నిలదొక్కుకున్నాడని తెలిసింది. ఇంకో ఏడాది అలాగే ఉక్కుపిండాన్నని తిరిగి ఉంటే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మే అందట.

"చూశావా వదినా, మన పగ వాడికి మందైంది. ఛీ!" అంది పిన్ని నాతో.

కొన్నాళ్ళకు అతను పళ్ళబుట్ట పంపించాడు. పిన్ని దాన్ని మెట్ల మీదే పెట్టించింది. ఎవరూ ముట్టుకోలేదు.

మరుసటి ఏడాది ఇంకో కంపెనీ వాళ్ళు కొత్త ప్రోగ్రాం తెచ్చారు. రాసింది నిమిషం సారేనట, ఇప్పుడు అక్కడ జీతానికి చేస్తున్నాడు. దాన్ని పరీక్షించడం కత్తెర పని. ఆమె దాన్ని వదలకుండా వేధించింది. మొదటి గడి ఖాళీ పెట్టి చూసింది. చివరిది పెట్టింది, వరుసగా మూడు ఖాళీలు పెట్టింది, ఏమీ లేకుండా ఉత్త గీతలే పంపించింది. తప్పు దొరకాలని పళ్ళు బిగించుకుని వెతికింది. దొరకలేదు. ప్రతి ఖాళీ తన గడిలో ఖాళీగానే కూర్చుంది.

బాగాలేదని ఒక్క మాట అంటే అతని అన్నం మళ్ళీ పోయేది. అడిగేవాళ్ళు కూడా లేరు. ఆమె రోజంతా ఆ మాటను నోట్లో నానబెట్టుకుని తిరిగింది. చివరికి, "బాగానే ఉంది, తీసుకోవచ్చు" అని డాక్టరమ్మతో చెప్పింది. చెప్పాక తనమీద తనకే అసహ్యం వేసిందట.

ఇంటికొచ్చి పిన్నికి ఎదురుగా కూర్చుని, పెదాలు స్పష్టంగా కదుపుతూ జరిగిందంతా చెప్పింది. పిన్ని ఆమె నోటి వంకే చూస్తూ కూర్చుంది.

"రోగులకు మంచిదే కదా పిన్నీ. దానికి వంక పెడితే నేనూ వాడూ ఒకటే..."

ఆ మాట సగంలో ఉండగానే పిన్ని గట్టిగా కళ్ళు మూసుకుంది. అమ్మాయి భుజం తట్టింది, బతిమాలింది. పిన్ని కళ్ళు తెరవలేదు. నేను వెళ్ళేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. చేసేదేమీ లేక నేను వంటింట్లోకి వెళ్ళి వాళ్ళిద్దరికీ అన్నం వడ్డించాను.